ఆజ్ఞకు హేతువు

మనుష్యుడు ఆజ్ఞకు లోబడడం రెండు విధాలుగా జరుగుతుంది. దండనకు వెరచి లోబడడం ఒకటి. ఆ ఆజ్ఞ ఎందుకు పుట్టినదో గ్రహించి, తన మేలును, పొరుగువాని మేలును అందులో చూచి లోబడడం మరొకటి. పైకి రెండూ ఒక్క తీరుగానే కనబడతాయి. వీథిలో కావలివాడు నిలిచి ఉన్నంతసేపు వాటి భేదం తెలియదు. అతడు ప్రక్కవీథికి తిరిగిన తరువాత తెలుస్తుంది. హేతువు చెప్పని ఆజ్ఞకు, లేదా చెప్పిన హేతువు ఒకటి, అసలు హేతువు వేరొకటి అయిన ఆజ్ఞకు, పౌరుని అంతరాత్మ ఎంతవరకు కట్టుబడి ఉండవలెననే ప్రశ్న చాలాకాలంగా గ్రంథాలలో ఉన్నదే. 2020వ సంవత్సరంలో అది గ్రంథాలు విడిచి ఇంటింటి గడప మీదికి వచ్చినది.

ఆ సంవత్సరం మార్చి 24వ తేదీ రాత్రి ప్రధానమంత్రి దేశప్రజలనుద్దేశించి ప్రసంగించినారు. ఆ అర్ధరాత్రి నుండి 21 దినాలపాటు ఎవరూ ఇల్లు వదలి రాకూడదని, ప్రతి యింటి గుమ్మం ముందు ఒక లక్ష్మణరేఖ గీయబడినదని తలచుకొనవలసినదని చెప్పినారు. ఆజ్ఞకూ అమలుకూ నడుమ నాలుగు గంటల వ్యవధి మాత్రమే ఉండినది. కోవిడ్ వ్యాధికి అప్పటికి టీకా లేదు, నమ్మదగిన చికిత్స లేదు. ఒకరి ఊపిరి నుండి మరొకరికి సోకే వ్యాధి కనుక మనుష్యులు ఎడంగా ఉండడమే ఉపాయమని వైద్యులు చెప్పినారు. ఆజ్ఞ కఠినమైనదే గాని, దాని హేతువు పామరునికి సైతం తెలిసేటట్లు ఉండినది. ఆ దినాలలో తెలుగునాట అనేక గ్రామాలలో ప్రజలు తమంతట తామే పొలిమేరల వద్ద ముళ్ళకంపలు, దుంగలు అడ్డం వేసి, పైవారు రాకుండా కాపు కాచినారు. ఆ కాపలాలో అన్యాయాలు కూడా జరగకపోలేదు. అయినా నిర్బంధానికి ప్రజలు సహజంగా విముఖులు అనే వాదం నిజం కాదని అది చూపినది.

లక్ష్మణరేఖ అనే మాటను ఇక్కడ కొంత ఆలోచించవలసి ఉన్నది. వాల్మీకి అరణ్యకాండలో ఆ రేఖ లేదు. తరువాతి కాలపు కథకులు, హరికథకులు, తోలుబొమ్మలాటలవారు దానిని జనుల మనస్సులలో గీసినారు. వారు చెప్పిన కథలో సీత ఆ గీతను దాటినది విలాసం కొరకు కాదు. గుమ్మం ముందు నిలిచిన భిక్షువును వట్టిచేతులతో పంపరాదనే గృహిణీధర్మం ఆమెను దాటించినది. రక్షణ కొరకు గీసిన గీత ఒకవైపు, ఆచరించక తప్పని ధర్మం మరొకవైపు. ఆ రెంటి నడుమ ఒంటరిగా నిలిచిన మనిషి. 2020లో గడప దాటిన లక్షలాది జనులలో నిర్లక్ష్యం చేత దాటినవారు ఉన్నారు, నిజమే. కాని చావుబ్రతుకులలో ఉన్న తల్లిని చూడబోయినవారు, పస్తున్న పిల్లలకు బియ్యం తేబోయినవారు కూడా వారిలోనే ఉన్నారు. లాఠీ ఎత్తిన చేతికి ఈ ఇరువురి భేదం కనబడలేదు.

‘ఇల్లు’ అనే మాట కూడా అందరికీ ఒక్క అర్థం ఇచ్చేది కాదు. ఢిల్లీలో, సూరత్‌లో, ముంబయిలో కష్టం చేసుకొనే బీహారు, ఉత్తరప్రదేశ్ కూలీ తాను రాత్రులు పండుకొనే చోటును ‘కమ్రా’ అంటాడు, ‘డేరా’ అంటాడు. ‘ఘర్’ అనే మాటను తన గ్రామం కొరకే దాచుకొంటాడు. పాలమూరు నుండి వలసపోయిన కూలీ ‘ఇంటికి పోతున్నా’ అంటే కూడా తాను అద్దెకుండే రేకుల గదికి అని అర్థం కాదు. ఇంటిలో ఉండుడని ఆజ్ఞ వచ్చినప్పుడు, పని పోయి, గదికి అద్దె చెల్లించలేక, రైళ్ళు, బస్సులు లేక, వారు నిజంగా ఇంటి దారే పట్టినారు. వందల మైళ్ళు కాలినడకను పోయినారు. ఆజ్ఞ వ్రాసినవారి భాషలో అది ఉల్లంఘన. నడిచినవారి భాషలో అది ఆజ్ఞాపాలనకు ఎంతో దూరమైనది కాదు. ఒకే దేశంలో ఒకే మాటకు ఇంత ఎడమున్నప్పుడు, కలిగిన గందరగోళాన్ని ప్రజల అజ్ఞానం మీదికి నెట్టడం న్యాయం కాదు.

తరువాతి నిబంధనలు మరింత సూక్ష్మమైనవి. మే నెలారంభంలో అమలులోనికి వచ్చిన కేంద్రప్రభుత్వ ఉత్తరువుల ప్రకారం పెండ్లికి 50 మందికి మించరాదు, అంత్యక్రియలకు 20 మందికి మించరాదు. పెండ్లిలో పురోహితుడు, మేళగాండ్రు, వంటవారు ఆ యాభైలో చేరుతారా లేదా అని ఊరూరా వాదాలు జరిగినవి. చావు విషయం ఇంకా కష్టం. శుభానికి పిలిస్తే పోవలె, అశుభానికి పిలవకుండానే పోవలె అని తెలుగువారు పెద్దల నుండి నేర్చుకొన్నారు. పిలుపే లేని చోట ఇరవైమందిని ఎవరు ఏరుతారు? ఏరినవారు మిగిలిన బంధువుల ముఖం ఎట్లు చూస్తారు? ఈ సంఖ్యలు ఆకాశం నుండి ఊడిపడినవి కావు, శాస్త్రం నిర్ణయించినవీ కావు. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు కనుక గీసినవి. అయినా అధికసంఖ్యాకులు కన్నీటితో ఆ సంఖ్యకు లోబడినారు. దూరంగా నిలిచి, టెలిఫోను తెర మీద తండ్రి చితిని చూచిన కొడుకులున్నారు. సంఖ్య ఎంత కృత్రిమమైనా, దాని వెనుక ఉన్న హేతువు వారికి తెలుసు: గుంపు పెరిగితే వ్యాధి పెరుగుతుంది. హేతువు తెలిసినప్పుడు మనిషి ఎంత భారమైనా మోయగలడనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మద్యం విషయంలో జరిగినది వేరు. మార్చి 25 నుండి దేశంలో దాదాపు అంతటా మద్యం దుకాణాలు మూతపడినవి. బియ్యం, పాలు, మందులు మొదలైన అవసర వస్తువుల జాబితాలో మద్యం లేదు. మూతకు తొలుత కనబడిన కారణం అంతవరకే. ఏప్రిల్ 15న వచ్చిన ఉత్తరువులో మద్యం, గుట్కా, పొగాకుల విక్రయాన్ని స్పష్టంగా నిషేధించి, బహిరంగ ప్రదేశాలలో ఉమ్మివేయడాన్ని కూడా దానితోబాటే నిషేధించినారు. ఆ నిషేధం దేనికి? గుంపులు చేరకుండుటకా? మత్తులో మనుష్యులు దూరం పాటించరనియా? మద్యం శరీరంలో రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందనియా? మూసిన తలుపుల వెనుక భార్యాబిడ్డలు దెబ్బలు తినకూడదనియా? లేక మద్యపానం చెడ్డదని, ఇదే అదనుగా మాన్పింపవలెననియా? ఇవన్నీ ఆలోచింపదగిన హేతువులే. కాని ఒక్కొక్క హేతువు నుండి ఒక్కొక్క వేరు నిబంధన పుడుతుంది. గుంపు భయమే అయితే విక్రయాన్ని క్రమపరచడం చాలు. ఆరోగ్యమే అయితే తాగుడుకు బానిసైనవానికి చికిత్స ముందు రావలె. ఇల్లాలి రక్షణే అయితే నలభై దినాల తరువాత దుకాణం తెరవడానికి సమాధానం చెప్పుకోవలె. హేతువు ఏదో తేల్చకపోవడం వలన ఈ పనులలో ఏదీ పూర్తిగా జరగలేదు. ఆ ఖాళీ స్థలంలోనికి వదంతులు ప్రవేశించినవి. మద్యం తాగినవారికి ఈ వ్యాధి రాదన్న పుకారు దేశదేశాలలో వ్యాపించినది. అది అబద్ధమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించవలసి వచ్చినది. ఇరాన్‌లో అట్టి నమ్మకంతో విషపూరితమైన మిథైల్ ఆల్కహాలు తాగి వందలమంది మరణించినారు.

దీర్ఘకాలంగా అధికంగా తాగేవానికి మద్యం ఒక్కసారిగా అందకపోతే ఏమవుతుందో వైద్యశాస్త్రానికి చిరకాలంగా తెలుసు. కొన్ని గంటలలో చేతులు వణకుతాయి, నిద్ర పట్టదు, చెమటలు పోస్తాయి. కొందరికి మొదటి ఒకటి రెండు దినాలలో మూర్ఛలు వస్తాయి. రెండు మూడు దినాలలో కొందరికి లేనివి కనబడి, మతి చలించి, చికిత్స లేకపోతే ప్రాణాపాయం కలుగుతుంది. తగిన మందులు, విటమినులు ఇచ్చి కాపాడే పద్ధతి కూడా ఉన్నది. మార్చి చివరి వారంలో హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇట్టి రోగులు పెద్దసంఖ్యలో వచ్చినారు. కేరళలో మద్యం దొరకక కొందరు ప్రాణాలు తీసుకొన్నారన్న వార్తలు వచ్చినవి. అక్కడి ప్రభుత్వం మార్చి 30న ఒక ఉత్తరువు వెలువరించి, వైద్యుని ధ్రువపత్రం ఉన్నవారికి పరిమితంగా మద్యం అందించవచ్చునన్నది. వైద్యులు దానిని తీవ్రంగా నిరసించినారు. ఏప్రిల్ 2న కేరళ హైకోర్టు ఆ ఉత్తరువును నిలిపివేసినది.

ఈ వివాదంలో ఇరుపక్షాలలోను సత్యం ఉన్నది. వ్యాధికి కారణమైన దానినే మందుగా వ్రాసియిమ్మని వైద్యుని బలవంతపెట్టడం వైద్యధర్మానికి విరుద్ధం. కాని చికిత్స ఏర్పాటు చేయకుండా దుకాణానికి తాళం వేయడం కూడా మాన్పించడం కాదు. చట్టం దృష్టిలో తాగుబోతు ఒక దురభ్యాసపరుడు. శాస్త్రం దృష్టిలో అతడు రోగి. ఒక మహమ్మారి నుండి ప్రజలను రక్షించడానికి పుట్టిన ఉత్తరువు, మరొక రోగంతో ఉన్నవానిని లెక్కలోనికి తీసుకోకపోవడమే ఇక్కడి లోపం.

మార్చి 25 నుండి మే 3 వరకు లెక్కిస్తే సరిగా 40 దినాలు. తెలుగుదేశంలో ఈ సంఖ్యకు ఒక స్మృతి ఉన్నది. ఏటా కార్తీక మార్గశిర మాసాలలో అయ్యప్ప మాల వేసుకొన్నవారు 41 దినాల మండలదీక్ష పాటిస్తారు. నల్లబట్టలు కట్టి, చన్నీటి స్నానం చేసి, నేల మీద పండుకొంటారు. ఏడాది పొడవునా తాగేవారిలో అనేకులు ఆ దినాలలో మద్యం ముట్టరు. వారికి పోలీసు కాపలా లేదు, జరిమానా లేదు. దీక్ష ముగిసిన మరునాడు కొందరు మళ్ళీ మొదలుపెడతారన్నదీ దాచవలసిన విషయం కాదు. అయినా ఆ నలభైయొక్క దినాల నిగ్రహం ఎక్కడ నుండి వచ్చినది? తాను ఎందుకు మానినాడో అతనికి తెలుసు, ఇంటివారికి తెలుసు, వీథిలో ఎదురైనవాడు ‘స్వామీ’ అని పిలిచి ప్రతిసారీ ఆ సంగతి గుర్తుచేస్తాడు. హేతువు అతని సొంతమైనది. 2020లోని నలభై దినాలలో నిగ్రహానికి బదులు నిరీక్షణ ఉండినది. ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూచినవాడు ఒక్క దినమైనా మానినట్లు కాదు.

మే 4వ తేదీన తెరిచినారు. కొత్త ఉత్తరువుల ప్రకారం మద్యం దుకాణం వద్ద మనిషికి మనిషికి ఆరడుగుల దూరం ఉండవలె. ఒకేసారి అయిదుగురికి మించి ఉండరాదు. దుకాణాల ముందు సున్నంతో వలయాలు గీసినారు. తెల్లవారకముందే బారులు తీరినవి. వలయాలు జనం కాళ్ళ క్రింద కనబడకుండా పోయినవి. ఢిల్లీలో పోలీసులు లాఠీలు ఝళిపించి, కొన్ని దుకాణాలను తెరిచిన దినమే మూయించినారు. మరునాటి నుండి ఆ ప్రభుత్వం ప్రతి సీసా ధర మీద 70 శాతం ‘ప్రత్యేక కరోనా రుసుము’ విధించినది. జూన్ 10 నుండి దానిని ఉపసంహరించినది. ఆంధ్రప్రదేశ్‌లో మొదట 25 శాతం, వెంటనే మరొక 50 శాతం, మొత్తం 75 శాతం ధర పెంచి, ఇది తాగుడును నిరుత్సాహపరచడానికని చెప్పినారు. విశాఖపట్నం జిల్లాలో మద్యం దుకాణాల వద్ద వరుసలు క్రమపరచడానికి పాఠశాలల ఉపాధ్యాయులను నియమించినారు. తమ ఉపాధ్యాయుడు బ్రాందీషాపు ముందు నిలిచి సీసా కొరకు వచ్చినవారిని క్రమంగా నిలబెడుతుంటే చూచిన పిల్లవాడు ఏ పాఠం నేర్చుకొన్నాడో చెప్పనవసరం లేదు.

ఆ వారంలో ప్రజలకు వినబడినది ఒక్క ప్రభుత్వం గొంతు కాదు, మూడు గొంతులు. దూరం పాటించుడన్నది వైద్యుని గొంతు. తాగుడు చెడ్డది కనుక ధర పెంచినామన్నది నీతిబోధకుని గొంతు. దుకాణం తెరవక తప్పదన్నది కోశాధికారి గొంతు. మూడింటికీ ఒక్కొక్క న్యాయం ఉన్నది. రాజ్యాంగం 47వ అధికరణం మత్తుపానీయాల నిషేధానికి ప్రయత్నించవలసినదని రాజ్యానికి నిర్దేశిస్తున్నది. అదే రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో మద్యం మీద అబ్కారీ పన్ను విధించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చినది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చిన తరువాత రాష్ట్రాలు తమ ఇచ్ఛానుసారం పెంచుకోగల పన్నులు కొద్దివే మిగిలినవి. వాటిలో మద్యం ముఖ్యమైనది. అనేక రాష్ట్రాల సొంత పన్నుల ఆదాయంలో అది పదింట ఒక వంతు, అంతకు పైన కూడా ఉన్నది. ఆసుపత్రులకు మంచాలు, నర్సులకు జీతాలు, కూలీలకు బియ్యం ఏ డబ్బుతో కొనవలె? కోశాధికారి అడిగిన ఈ ప్రశ్న నీచమైనది కాదు.

కాని ఆ మాటను అట్లే చెప్పి ఉండవలసినది. ‘ఖజానా ఖాళీ అయినది, వ్యాధిని ఎదుర్కొనడానికి డబ్బు కావలె, కనుక ఇంత ప్రమాదాన్ని తెలిసి అంగీకరిస్తున్నాము’ అని ఏ ప్రభుత్వమైనా చెప్పి ఉంటే ప్రజలు కోపగించుకొని ఉండవచ్చు, వాదించి ఉండవచ్చు, మోసపోయినామని మాత్రం అనుకొని ఉండరు. కోశాధికారి మాటను నీతిబోధకుని నోట పలికించడం వలన నీతికి విలువ తగ్గినది, ధనావసరానికి గౌరవం రాలేదు. ఉత్తరదేశంలో మద్యం దుకాణానికి వ్యవహారంలో ఉన్న పేరు ‘ఠేకా’. ఆ మాటకు అసలు అర్థం గుత్త. తెలుగునాట కూడా వెనుకటి తరం ఎరిగినవి సారా పాటలు, సారా గుత్తలు, గుత్తేదారులే. మద్యాన్ని గురించి ప్రజల భాష ఎన్నడూ భ్రమపడలేదు. అది పానీయం పేరు చెప్పక, దాని వెనుకనున్న లావాదేవీ పేరే చెప్పినది.

దేవాలయాలు, మసీదులు, చర్చీలు జూన్ 8 వరకు తెరవలేదు. మద్యం దుకాణాలు మే 4ననే తెరిచినారు. ‘గుడి మూసి, బ్రాందీషాపు తెరిచినారే!’ అన్న మాట అరుగుల మీద, అంగళ్ళలో, పాలకేంద్రాల వద్ద వినబడినది. ఈ వాక్యంలో ఒక న్యాయమైన ఫిర్యాదు, ఒక తప్పు తర్కం కలిసి ఉన్నవి. పౌరుడు దేనిని విలువైనదిగా ఎంచుతాడో అడగకుండానే రాజ్యం ఒక క్రమం నిర్ణయించినది, ఆ క్రమానికి కారణం చెప్పలేదు, ఫిర్యాదు ఇది. ‘అది తెరిచినారు కనుక ఇది కూడా ప్రమాదం కాదు’ అనుకొనడం తప్పు తర్కం. ఒక గుంపును అనుమతించినంత మాత్రాన రెండవ గుంపులో వ్యాధి సోకకుండా ఉండదు. వైరస్సుకు ప్రభుత్వపు పక్షపాతం తెలియదు. కాని సామాన్యుని మనస్సు ఈ రెంటినీ విడదీయలేదు. పెండ్లికి యాభై అన్న గీతను అతడు అంతవరకు గౌరవించినాడు. దుకాణం ముందు వందలమందిని చూచిన తరువాత ఆ యాభై అతనికి హాస్యాస్పదమైనది. కారణం లేని ఒక్క మినహాయింపు, కారణం ఉన్న అనేక నిబంధనలను బలహీనపరచినది. ఆ వారంలో జరిగిన నష్టాలలో అన్నిటికంటె పెద్దది ఇదే.

న్యాయస్థానాలు కూడా ఈ చిక్కును సులభంగా విప్పలేకపోయినవి. తమిళనాడులో మే 7న దుకాణాలు తెరిచినారు. దూరం పాటించే నిబంధన మంటగలిసినదని మే 8న మద్రాసు హైకోర్టు వాటిని మూయుమన్నది. మే 15న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది. మద్యాన్ని ఇండ్లకు పంపడం వంటి పరోక్ష విధానాలను రాష్ట్రాలు ఆలోచింపవచ్చునని సుప్రీంకోర్టు మే 8ననే సూచించి ఉన్నది. మే 28న కేరళ, టెలిఫోను ద్వారా వంతు తీసుకొనే పద్ధతితో అమ్మకాలు ప్రారంభించినది. తెరుచుట, మూయుట, మళ్ళీ తెరుచుట. ఇందులో ఏ దినం ఏది ధర్మమో సామాన్యునికి ఎట్లు తెలుస్తుంది?

ఇట్టి కలవరం భారతదేశానికే పరిమితమైనది కాదు. అదే సంవత్సరం డిసెంబరులో ఇంగ్లండులోని అనేక ప్రాంతాలలో ఒక ఇంటివారు మరొక ఇంటివారితో లోపలిగదులలో కలవరాదని, పానశాలలో ‘తగినంత భోజనం’తో తప్ప మద్యం వడ్డించరాదని నిబంధన వచ్చినది. మాంసం పూసి వేయించిన ఒక కోడిగ్రుడ్డు తగినంత భోజనమా కాదా అని మంత్రులే చర్చించవలసి వచ్చినది. పొరుగున ఉన్న వేల్సులో ఆ వారంలోనే పానశాలలలో మద్యమే కూడదన్నారు. దక్షిణాఫ్రికాలో మాత్రం మార్చి 27న మద్యవిక్రయాన్ని నిషేధించినప్పుడు ప్రచారంలో ఉన్న హేతువు కొంత స్పష్టమైనది: తాగినవారి కొట్లాటలు, రోడ్డు ప్రమాదాల వలన నిండే ఆసుపత్రి మంచాలు కోవిడ్ రోగులకు కావలె. అక్కడ కూడా జూన్ 1న ఎత్తివేసి, జూలై 12న ముందుగా చెప్పకుండా మళ్ళీ విధించినందువలన వివాదం చెలరేగినది. అయితే వాదించేవారికి వాదించడానికి ఒక హేతువు చేతికి దొరికినది. మంచాలు నిజంగా ఖాళీ అయినవా కాలేదా అని అడగగలిగినారు. చెప్పిన హేతువు తప్పు కావచ్చు. అది తప్పని చూపడానికి ప్రజలకు అవకాశం ఇవ్వడమే దానిని చెప్పడంలోని ప్రయోజనం.

హేతువును విడిచిన నిషేధం ప్రాణాల మీదికి కూడా వస్తుంది. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, వ్యాధి వ్యాప్తి కారణంగా మద్యం దుకాణాలు మూతపడి ఉన్న దినాలలో, చేతులు శుభ్రపరచుకొనడానికి అమ్మే శానిటైజరు తాగి పదిమందికి పైగా మరణించినారు. వారిలో యాచకులు, రిక్షా తొక్కేవారు, కూలీలు ఉన్నారు. వ్యాధి నుండి కాపాడడానికని ప్రతి అంగడిలో పెట్టిన సీసాయే వారి మరణకారణమైనది. తాగినవారిదే తప్పని చెప్పి చేతులు దులుపుకొనడం సులభం. పెరిగిన ధరను, మూసిన దుకాణాన్ని, లేని చికిత్సను ఒక్కచోట చేర్చి చూచినవారు అంత సులభంగా చెప్పలేరు. నిషేధించవలసినది కాదని దీని అర్థం కాదు. నిషేధం ఎవరి మీద ఎట్లు పడుతుందో ముందుగా చూడని ఉత్తరువులో సగం మనుష్యులు లేరని మాత్రమే అర్థం.

ఈ విషయంలో తెలుగుదేశానికి మరొక అనుభవం ఉన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించినారు. ఆ పట్టుదల ఊరూరా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసినది. 1997లో ఖజానా కారణంగా అది సడలిపోయినది. ఆ స్త్రీలకు రాజ్యాంగ అధికరణాల సంఖ్యలు తెలియవు. కూలిడబ్బు ఎక్కడికి పోతున్నదో, రాత్రి ఎవరు దెబ్బలు తింటున్నారో తెలుసు. వారి నిషేధం గడప లోపల నుండి పుట్టి వెలుపలికి నడిచినది. 2020 నాటి నిషేధం వెలుపలి నుండి వచ్చి గడప మీద పడినది. ఆ నలభై దినాలలో, తాగే మగవాడున్న ఎన్నో ఇండ్లలో కూలిడబ్బు మిగిలినదని, రాత్రులు నిద్రపట్టినదని స్త్రీలు చెప్పినారు. మరికొన్ని ఇండ్లలో బందీ అయిన మగవాని కోపం స్త్రీల మీదనే విరుచుకుపడినది. దుకాణాలు తెరిచిన దినాన పలుచోట్ల స్త్రీలు అడ్డగించి నిరసించినారు. మూసినప్పుడు వారిని అడగలేదు, తెరిచినప్పుడూ అడగలేదు.

దీనికి ఒక ప్రబలమైన ఆక్షేపణ ఉన్నది. ఇల్లు కాలుతున్నప్పుడు హేతువులు బోధిస్తూ కూర్చొనగలమా? వ్యాధి స్వభావం శాస్త్రజ్ఞులకే పూర్తిగా తెలియని దినాలలో పాలకులు ఏ హేతువు చెప్పగలరు? ఈ మాటను త్రోసివేయరాదు. మొదటి దినాలలో తొందర క్షమింపదగినది. జాగు వలన పోయే ప్రాణాలు తొందర వలన పోయేవాటికంటె ఎక్కువ కావచ్చు. కాని హేతువు చెప్పడమంటే పూర్ణజ్ఞానం కలిగి ఉండడం కాదు. ‘మాకు ఇంతవరకు తెలుసు, ఇంతకు మించి తెలియదు, తెలిసినప్పుడు మారుస్తాము’ అనడం కూడా హేతువే. మంచి వైద్యుడు రోగి మంచం వద్ద చెప్పేది సాధారణంగా అదే. పైగా మొదటి రాత్రికి వర్తించే క్షమ నలభైయవ దినానికి వర్తించదు. ఆలోచించడానికి ఆరువారాల కాలం దొరికిన తరువాత కూడా దుకాణం ముందు సున్నపు వలయాలు తప్ప మరేమీ సిద్ధం కాలేదంటే, అది వ్యాధి చేసిన తొందర కాదు.

ఇక పౌరుని వంతు. ఆజ్ఞ ఇచ్చినవారు అసత్యం చెప్పినారు కనుక తాను దేనికీ కట్టుబడనక్కరలేదని అతడు అనుకోవచ్చునా? ఆ దినాలలో అనేకులు అట్లే అనుకొన్నారు. కాని ముఖానికి గుడ్డ కట్టుకొనడం, దగ్గుతూ జనంలోనికి పోకుండడం, వృద్ధురాలైన పొరుగామెకు ఎడంగా నిలవడం అతడు ప్రభుత్వానికి చెల్లించే కప్పం కాదు. ఆ పొరుగామెకు చెల్లించే ఋణం. ఉత్తరువు చెడినా ఆ ఋణం తీరదు. ఉత్తరువులో ఏ భాగం పొరుగువానిని కాపాడుతుందో దానిని ఎవరూ చూడకున్నా ఆచరించడం, ఏ భాగం కాపాడదో దానిని బహిరంగంగా ప్రశ్నించడం పౌరుని ధర్మం. ఈ రెండవ పని చేయకుండా రహస్యంగా ఉల్లంఘించేవాడు, హేతువు చెప్పని పాలకుడు ఒకరికొకరు సహాయపడుతున్నారు. ఇద్దరికీ చర్చ ఇష్టం లేదు.

2020 నాటి ఉత్తరువులకు ఆధారమైన చట్టాలలో ఒకటి 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. రెండవది బొంబాయి ప్లేగు కాలంలో, 1897లో, పరాయి ప్రభుత్వం చేసిన అంటువ్యాధుల చట్టం. పరాయి ప్రభుత్వానికి ప్రజలకు హేతువు చెప్పవలసిన అగత్యం ఉండినది కాదు. ఆ చట్టం కొన్ని పుటలకు మించనిది. అందులో అధికారం ఎవరిదో ఉన్నది, ఉల్లంఘనకు శిక్ష ఉన్నది, ఎందుకు అన్నది అడిగినవానికి జవాబు లేదు. మరొక మహమ్మారి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది వచ్చిన దినాన ఉత్తరువు వ్రాయడానికి కూర్చునే అధికారి ప్రతి నిషేధం క్రింద ‘ఇది ఇందుకొరకు’ అని ఒక్క వాక్యం వ్రాయడానికి ప్రయత్నించవచ్చు. కొన్ని నిషేధాల క్రింద ఆ వాక్యం వెంటనే వస్తుంది. కొన్నింటి క్రింద కలం ఆగిపోతుంది. కలం ఆగిన చోట సంతకం చేయకముందు, ఆ ఉత్తరువు ఏ ఇంటి మీద పడుతుందో, ఆ ఇంటివారిలో ఒక్కరినైనా పిలిచి అడగడానికి నాలుగు గంటల వ్యవధి చాలును.